ఎండలు ముదరకముందే: చెక్క సామాను అతుకులకు జాగ్రత్తలు

శివరాత్రి దాటి గాలి పొడిబారడం మొదలైందంటే ఇంట్లో చెక్క సామానుకు కష్టకాలం వచ్చినట్టే. అర్ధరాత్రి బీరువా టప్‌మంటుంది. నిన్నటిదాకా గట్టిగా ఉన్న కుర్చీ కూర్చోగానే కిర్రుమని ఊగుతుంది. డైనింగ్ టేబుల్ పలకల మధ్య గోరు దూరేంత సందు పడుతుంది. వెంటనే అందరి నోటా వచ్చేది ఒకటే మాట: ఫెవికాల్ సరిగా పెట్టలేదు.

చాలాసార్లు తప్పు జిగురుది కాదు. నార (చెక్కలో పొడవునా సాగే పోగులు) వెంట రెండు పలకల్ని సరిగా అతికితే ఆ అతుకు పక్కనున్న చెక్క కన్నా గట్టిగా ఉంటుంది. విరగ్గొడితే చెక్క చీలుతుంది తప్ప అతుకు విడదు. అలాంటి సామాను ఏప్రిల్‌లో విడిపోయిందంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అతికిన రోజు చెక్కలో తేమ ఎంత? తర్వాత అది కుంచించుకోవడానికి చోటిచ్చారా? ఎండాకాలం జాగ్రత్తలన్నీ ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి.

చెక్క ఎంత కదులుతుంది

చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. పాలిష్ దీన్ని నెమ్మదింపజేస్తుందే గానీ ఆపలేదు. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క తన ఎండు బరువులో 15 శాతానికి పైగా నీటిని పట్టి ఉంచుకుంటుంది. గాలి తేమ 60 శాతం ఉంటే అది 10, 11 శాతానికి వస్తుంది. 30 శాతానికి దిగితే 6 దగ్గరికి పడిపోతుంది. హైదరాబాద్, నిజామాబాద్, కర్నూలు, అనంతపురం వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 శాతం దగ్గరికీ, కొన్ని రోజులు అంతకన్నా కిందికీ వెళ్తుంది. ఆగస్టులో అదే ఊళ్ళలో దానికి రెట్టింపు దాకా ఉంటుంది. చెక్క ఒక్కరోజులో ఇంత మారదు, వారాల సగటును అనుసరిస్తుంది. అందుకే మార్చిలో కనిపించని పగులు మే నెలలో కనిపిస్తుంది.

ఇక లెక్క. టేకు మన కలపల్లో బాగా నిలకడైనది. అయినా వలయాలు కొండల్లాంటి గీతలుగా కనిపించే పలక, తేమ ఒక శాతం తగ్గినప్పుడల్లా వెడల్పులో సుమారు 0.19 శాతం కుంచించుకుంటుంది. గీతలు తిన్నగా, దగ్గరదగ్గరగా పరుగెత్తే పలక అయితే 0.10 శాతం. 900 మిల్లీమీటర్ల వెడల్పున్న టేబుల్ పైపలకను 12 శాతం తేమతో అతికి, అది వేసవిలో 7 శాతానికి దిగిందనుకోండి. మొదటి రకం పలకలతో చేసినది 8 మిల్లీమీటర్లకు పైగా తగ్గుతుంది, రెండో రకం నాలుగున్నర. పొడవులో మాత్రం మార్పు లెక్కలోకి రాదు. పొడవు మారదు, వెడల్పు మారుతుంది: పగుళ్ళన్నీ పుట్టేది ఈ తేడాలోంచే. కోతలో తిన్నటి గీతల పలకలు దొరికితే వాటిని టేబుల్ పైపలకకూ తలుపు పలకలకూ పక్కన పెట్టుకోండి, కాళ్ళకూ పట్టీలకూ వాడేయొద్దు.

కాకినాడలోనో మచిలీపట్నంలోనో చేయించిన సామాను అనంతపురానికో హైదరాబాద్‌కో తరలించినప్పుడు ఇదే జరుగుతుంది. అక్కడి గాలికి 13, 14 శాతం దగ్గర నిలబడిన చెక్క ఇక్కడికొచ్చాక ఆరేడు శాతాలు కోల్పోతుంది. చేసిన వడ్రంగి పనితనంలో లోపం ఉండనక్కర్లేదు. భారత ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టి ఒక్కో మండలానికి వేరే తేమ హద్దులు పెట్టింది ఇందుకే. కోస్తాలో సామాను పురమాయిస్తుంటే అది ఏ ఊళ్ళో ఉండబోతుందో ముందే చెప్పండి.

కుర్చీ ఎందుకు వదులవుతుంది

దీన్ని చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కుర్చీ కాలి బెజ్జంలోకి దిగిన గుండ్రటి నాలుక (అడ్డకర్ర కొసన సన్నగా చెక్కిన భాగం) వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బాలని చూస్తుంది. చుట్టూ బెజ్జం గోడలు కదలనివ్వవు. దాంతో నాలుకలోని నార కణాలు అక్కడికక్కడే నలిగిపోతాయి. నలిగిన కణాలు మళ్ళీ లేవవు. వేసవి వచ్చి తేమ పోయాక నాలుక మొదటి కొలత కన్నా సన్నమవుతుంది. అంటే మేలో కనిపించిన వదులు ఆగస్టులోనే తయారైంది. 25 మిల్లీమీటర్ల నాలుక 12 నుంచి 7 శాతానికి ఆరితేనే పావు మిల్లీమీటరు తగ్గుతుంది, నలుగుడు దానికి అదనం. తెల్ల జిగురు బాగా పట్టాలంటే సందు 0.1 మిల్లీమీటరుకు మించకూడదు.

కాబట్టి నాలుక చెక్క ఎప్పుడూ బెజ్జం చెక్క కన్నా ఒకటి రెండు శాతం పొడిగా ఉండాలి. కాలు 10 దగ్గర, అడ్డకర్ర 8 దగ్గర ఉన్నప్పుడు అతికితే తర్వాత రెండూ సర్దుకునేటప్పుడు నాలుక బిగుస్తుంది. తారుమారైతే మొదటి వేసవికే ఊగుతుంది. అడ్డకర్రల్ని నాలుగైదు రోజులు గాలి ఆడే వెచ్చటి గదిలో విడిగా ఉంచి, అతికే రోజే నాలుకలు తుది కొలతకు తెచ్చుకోవడం మంచి అలవాటు. కొండపల్లి బొమ్మల పనివాళ్ళు తెల్ల పొణికి చెక్కకు నెమ్మదిగా సెగ చూపి తడి పోగొట్టాకే పని మొదలుపెడతారు, ఆ తర్వాతే భాగాల్ని మక్కుతో (చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద) అతుకుతారు. చెక్క తెలిసినవాళ్ళు ఎక్కడైనా ముందు చూసేది తడినే.

అతకడానికి ముందు తేమ కొలవండి

రెండు సూదుల తేమ మీటరు ఒకటి ఉంటే పని సులువు. సూదుల్ని నార వెంట గుచ్చాలి. పలక కొసల దగ్గర కొలిస్తే లెక్క తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కొసలు ముందు ఆరతాయి. కొస నుంచి కనీసం అడుగున్నర లోపల కొలవండి. పైపైన 8 చూపి లోపల 14 ఉండడం అడితి కలపలో మామూలే. వీలైతే ఒక ముక్క అడ్డంగా కోసి, అప్పుడే కోసిన ముఖం నడిమధ్య గుచ్చి చూడండి.

మీటరు లేకపోతే వంటింటి డిజిటల్ త్రాసు చాలు. పలక మధ్యలోంచి చిన్న ముక్క కోసి వెంటనే తూయండి. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 103 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గడం లేదనేదాకా గంటగంటకూ తూస్తూ ఉండండి. మొదటి బరువు 120 గ్రాములు, చివరి బరువు 106 అనుకుంటే పోయిన నీరు 14 గ్రాములు. 14ను 106తో భాగించి వందతో గుణిస్తే 13.2 శాతం. దక్కన్, రాయలసీమ ఇళ్ళలో ఉండే సామానుకు ఇది ఎక్కువ. 8 నుంచి 10 మధ్యకు రావాలి. ఏసీ నడిచే గదికైతే 8 దగ్గర ఉంచండి.

తేమ ఎక్కువుంటే ఎండలో పడేసి ఆరబెట్టకండి. పైపొర ముందు ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, కొసలు నెర్రెలిస్తాయి, పలక డొప్ప తిరుగుతుంది. నీడలో, గాలి ఆడే చోట, పలక పలకకూ మధ్య ఒకే మందం (25 మిల్లీమీటర్లు) రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, రెండడుగులకు మించని ఎడంతో పెట్టి పేర్చండి. కింది వరస నుంచి పై వరస దాకా రీపర్లు ఒకదాని మీద ఒకటి నిలువు గీతలా రావాలి. తప్పితే ఆ చోట పలక వంగుతుంది. కొసలకు పాత పెయింటో కరిగించిన మైనమో పట్టించండి. పైన రాళ్ళ బరువు పెట్టండి. పని మొదలయ్యే రెండు మూడు వారాల ముందే ఆ కలపను సామాను ఉండబోయే గదికి, లేదా అలాంటి గాలి ఉన్న గదికి చేర్చండి. వారానికోసారి ఒక పలక తూసి, బరువు మారడం ఆగాక చిత్రిక పట్టండి.

వేసవిలో ఏ జిగురు

తెల్ల జిగురు (ఫెవికాల్ ఎస్‌హెచ్ లాంటి పాలీవినైల్ ఎసిటేట్ రకం) ఇంట్లో సామానుకు సరిపోతుంది. కానీ దానికి రెండు బలహీనతలున్నాయి, రెండూ ఎండాకాలంలోనే బయటపడతాయి. ఒకటి, అందులోని నీరు చెక్కలోకీ గాలిలోకీ పోతేనే అది గట్టిపడుతుంది. 40 డిగ్రీల వేడిలో, ఫ్యాను కింద, బాగా ఎండిన చెక్క మీద ఆ నీరు మనం పలకలు జోడించకముందే పోతుంది. మామూలు రోజుల్లో పది నిమిషాల వ్యవధి ఇచ్చే జిగురు మూడు నాలుగు నిమిషాల్లోనే పైపొర కడుతుంది. రెండు, ఎండిన తర్వాత కూడా అది వేడికి మెత్తబడుతుంది. రేకుల షెడ్డులో, బాల్కనీలో, పడమటి ఎండ పడే కిటికీ దగ్గర ఎప్పుడూ బరువు మోసే అతుకైతే నెమ్మదిగా జారుతుంది. వంచి అతికిన పట్టీలకూ ఊయల బల్లకూ అలాంటి చోట ఒట్టి తెల్ల జిగురును నమ్మకండి. చెక్క మేకో స్క్రూనో తోడు కావాలి.

రెండు ట్యూబుల ఎపాక్సీ (ఆరల్డైట్ లాంటిది) సందుల్ని పూడుస్తుంది, నీరు లేదు కాబట్టి చెక్కను ఉబ్బించదు, జిడ్డు టేకుకు బాగా పట్టుతుంది. ట్యూబు మీద చెప్పిన పాళ్ళు తప్పకండి. వేసవిలో గిన్నెలో ఎక్కువ కలిపితే తన వేడికి తానే తొందరగా బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా, వెడల్పాటి పలక మీద పలచగా పరిచి వాడండి. అయిదు నిమిషాల రకాన్ని కుర్చీలకు వాడకండి.

పాలీయురితేన్ జిగురు సంగతి వేరు. అది గట్టిపడాలంటే తేమ కావాలి. పొడి గాలిలో పొడి చెక్క మీద పెడితే గంటలు గడిచినా జిగటగానే ఉంటుంది. ఒక ముఖాన్ని తడిగుడ్డతో తేలిగ్గా తుడిచి, రెండో ముఖానికి జిగురు రాయండి. నీళ్ళు కారేంత తడి వద్దు.

సన్‌మైకా అతికే రబ్బరు రకం జిగురు ఆవిరి మండుతుంది. వేసవిలో ఆ ఆవిరి మరీ ఎక్కువ. తలుపులు తెరిచి, పొయ్యి, దీపం, సిగరెట్టు, వెల్డింగు ఏవీ దరిదాపుల్లో లేకుండా చూసుకోండి.

పాత తరంవాళ్ళు వాడిన వజ్రం బంక, అంటే జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసినది, పొడి గాలిలో పెళుసుగా మారుతుంది. కానీ వేడినీటితో మళ్ళీ కరుగుతుంది. ముత్తాతల నాటి కుర్చీ అతుకు విడితే ముందు ఇది ఏ జిగురో చూడండి. గోధుమరంగు గాజుపెంకులా ఉండి వేడి తడిగుడ్డకు జిగటగా మారితే వజ్రమే.

అతికే రోజు

పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు పని పెట్టుకోండి. ముందురోజు రాత్రే పలకలు, జిగురు డబ్బా రెండూ నీడ గదిలో ఉండాలి. ఎండలో కాలిన పలక జిగురులోని నీటిని క్షణాల్లో తాగేస్తుంది. అతికేంతసేపూ ఫ్యాను ఆపండి. కూలరు ముందు అసలు వద్దు.

అతుకు ముఖాలు ఆ రోజే, మహా అయితే ముందురోజు చిత్రిక పట్టినవై ఉండాలి. టేకులోని ఇసుకలాంటి సిలికా చిత్రిక అంచును తొందరగా మొద్దుబారుస్తుంది. మొద్దు అంచు చెక్కను కోయకుండా రుద్ది నున్నగా మెరిపిస్తుంది, అలాంటి ముఖానికి జిగురు పట్టదు. ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే ముఖం పనికిరాదు, పరుచుకుని ఇంకితే మంచిది. టేకు నూనె వల్ల నిలబడితే, అసిటోన్ తడిపిన తెల్లగుడ్డతో గుడ్డకు రంగు అంటడం తగ్గేదాకా తుడిచి, ఆరగానే, పావుగంట లోపే అతకండి. ఆలస్యమైతే లోపలి నూనె మళ్ళీ పైకొస్తుంది.

జిగురు లేకుండా ఒకసారి అంతా కూర్చి క్లాంపులు (పలకల్ని ఒత్తి పట్టే బిగింపులు) బిగించి చూడండి. నాలుక చేత్తో నెడితే దిగాలి. సుత్తి కావాల్సి వస్తే బిగువు ఎక్కువ, జిగురంతా బయటికి గీక్కుపోతుంది. తనంత తానే జారిపోతే వదులు. మూలమట్టంతో మూలలు చూసి, క్లాంపులు సరిగ్గా ఆ కొలతకే తెరిచి పక్కన పెట్టుకోండి. ఎనిమిది నాలుకలున్న కుర్చీని వేసవిలో ఒక్క దెబ్బకు అతకాలని చూడకండి. ఇవాళ రెండు పక్కలు, రేపు వాటిని కలిపే అడ్డకర్రలు.

జిగురు రెండు ముఖాలకూ రాయండి. వానాకాలంలో ఒక ముఖం చాలేమో గానీ ఎండు చెక్కకు చాలదు. ఒక్కో ముఖానికి చదరపు మీటరుకు 100 గ్రాములకు పైనే పడాలి. కంటికైతే చెక్క గీతలు మసకగా కనిపించేంత తెల్లటి పొర. బెజ్జంలో గోడలకు రాయాలి, అడుగున పోసి వదిలేస్తే లాభం లేదు. అడ్డంగా కోసిన కొస అతకాల్సి వస్తే ముందు కాస్త నీళ్ళు కలిపిన జిగురు ఒక పూత వేసి, అయిదు పది నిమిషాలు ఆగి, మీద చిక్కటిది రాయండి. ఈ ఒక్క పనికి తప్ప జిగురులో నీళ్ళు కలపకండి. డబ్బాలో చిక్కబడిందని నీళ్ళు పోసి పలచన చేస్తే బలం పోతుంది.

క్లాంపులు 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, ఒకటి పైన ఒకటి కింద. అంచు పొడవునా నాలుగైదు సెంటీమీటర్లకో చిన్న జిగురు పూస బయటికి వస్తే సరిపోయినట్టు. పూసలు రాకపోతే అతుకుకు జిగురు చాలలేదు, విప్పి మళ్ళీ రాయండి. బలమంతా పెట్టి తిప్పితే జిగురు మొత్తం బయటికొచ్చి అదే గతి పడుతుంది. బయటికొచ్చినదాన్ని తడిగుడ్డతో పులమకండి. అరగంటకు రబ్బరులా మారాక ఉలితో ఎత్తేయండి. లేకపోతే పాలిష్ అప్పుడు తెల్ల మచ్చలు తేలతాయి.

పొడవాటి పలకల అతుకులు వేసవిలో కొసల దగ్గరే ముందు విచ్చుకుంటాయి. మీటరున్నర పలకకు అంచు మధ్యలో అర మిల్లీమీటరు లోతుగా చిత్రిక పట్టండి. క్లాంపు మధ్యలో బిగిస్తే కొసలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, రేపు కొసలు ఆరి కుంచించుకున్నా ఆ ఒత్తిడి కాపాడుతుంది.

క్లాంపులు గంటకు తీయవచ్చు గానీ చిత్రిక పట్టడం మర్నాడే. అతుకు పక్కన చెక్క జిగురు నీటికి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. అప్పుడే చదును చేస్తే, ఆరాక అక్కడ సన్నటి గాడి పడి పాలిష్‌లో కనిపిస్తుంది.

జిగురు పెట్టకూడని చోట్లు

టేబుల్ పైపలకను కింది ఫ్రేముకు చుట్టూ అతికేయడం మనవైపు ఎక్కువగా కనిపించే తప్పు. పైన లెక్కలో చూసిన ఎనిమిది మిల్లీమీటర్లు పోవడానికి దారి లేక పలక నడిమధ్య చీలుతుంది. ఫ్రేము మధ్యలో ఒక స్క్రూ గట్టిగా, అటూ ఇటూ వాటికి 12 మిల్లీమీటర్ల పొడవు గాడిలాంటి బెజ్జాలు వేసి, వాషర్లతో బిగించండి. గాడి పలక వెడల్పు వైపు తిరగాలి.

తలుపు, బీరువా ఫ్రేముల్లో గాడిలో కూర్చునే పలకకు చుక్క జిగురు కూడా తగలకూడదు. పలకకు ముందే పాలిష్ వేసి కూర్చండి, లేకపోతే కుంచించుకున్నప్పుడు అంచున తెల్లగీత బయటపడుతుంది. ఇక్కడ చేసే నెల ముఖ్యం. 400 మిల్లీమీటర్ల పలక మేలో చేస్తే అది ఇప్పటికే సన్నగా ఉంది, వానలకు నాలుగైదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడిలో రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ఆగస్టులో చేస్తే ఒక్కో మిల్లీమీటరు చాలు, గాడిలోకి దిగిన భాగం మాత్రం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

ప్లైవుడ్‌కు ఈ బెడద దాదాపు లేదు, అంచులన్నీ అతకవచ్చు.

ఉన్న సామానుకు

ఫిబ్రవరిలోనే టేబుల్, మంచం, బీరువా తిరగేసి చూడండి. పైన మెరిసే పాలిష్ ఉండి కింద పచ్చి చెక్క ఉంటే కింది ముఖం ముందు ఆరి పలక డొప్ప తిరుగుతుంది. కింద కూడా రెండు పూతలు, కొసలకు ఇంకో రెండు వేయండి. కూలరు గాలి నేరుగా ఏ చెక్క సామాను మీదా పడకూడదు. రాత్రంతా తడి గాలి, పగలంతా పొడి గాలి అయితే అతుకు రోజూ ఉబ్బి కుంచించుకుంటుంది. ఏసీ ఎదురుగా కూడా వద్దు. గదిలో చిన్న తేమ కొలిచే గడియారం పెట్టి, 40 శాతానికి దిగకుండా చూడగలిగితే సామానుకు శ్రమ తప్పుతుంది.

వీణ ఉన్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం. బొబ్బిలి ఏకాండి వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచినది, పగిలితే మార్చడానికి వేరే భాగం ఉండదు. అమెరికా చలి ఊళ్ళలో హీటర్లు నడిచే ఇళ్ళ గాలి మన మే నెల కన్నా పొడిగా మారుతుంది. అక్కడ పెట్టె మూసి, లోపల తేమనిచ్చే సంచి ఉంచండి. మనవైపు వేసవిలో వీణను కారులో వదిలితే చెక్కతోపాటు మెట్లు నిలిపే మైనం కూడా మెత్తబడి మెట్లు జరిగిపోతాయి.

పగిలిందే అనుకుంటే

మే నెలలో పడిన బీటను జిగురూ రంపపు పొట్టూ కుక్కి బిగించకండి. వానలకు చెక్క ఉబ్బినప్పుడు ఆ గట్టి ముద్ద నారను నలిపేస్తుంది, వచ్చే వేసవికి పక్కనే కొత్త బీట పడుతుంది. ఆగస్టు దాకా ఆగండి. బీట దానంతటదే మూసుకుంటే అది కదలిక, స్క్రూలు వదులు చేసి గాడి బెజ్జాలు వేయడమే మందు. మూసుకోకపోతే అదే కలప చీలికను సన్నగా తీసి, బీటలో ఒక గోడకు మాత్రమే అతికి నిలపండి.

ఊడిన అతుకును మళ్ళీ అతికేముందు దాని ముఖాన్ని చూడండి. నార పీక్కుని వచ్చి ఉంటే జిగురు తన పని చేసింది, చెక్కే కదిలింది. ఒక ముఖం మీద మాత్రమే మెరిసే పొర ఉంటే, జోడించకముందే జిగురు ఆరిందన్నమాట, లేదా టేకు జిడ్డు తుడవలేదు. కారణం ఏదైనా సరే, పాత తెల్ల జిగురు మీద కొత్తది పట్టదు. వెచ్చటి వెనిగర్ గుడ్డ కాసేపు కప్పి మెత్తబరిచి, పచ్చి చెక్క కనిపించేదాకా ఉలితో గీకి, ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు అతకండి. గీకాక నాలుక వదులైతే జిగురుతో సందు నింపాలని చూడకుండా, చిత్రిక పట్టగా వచ్చిన పలచటి పొట్టును నాలుకకు చుట్టి అతికి, ఆరాక మళ్ళీ కొలతకు తెచ్చుకోండి.